పావురాల దగ్గరున్నాడు

మాల్కం కాలికి కోర్టువాళ్ళ నిఘా ట్యాగు తొడిగిన రోజు, ఆ ట్యాగుల కంపెనీ నుంచి వచ్చిన అమ్మాయి అతన్ని ఇల్లంతా నడిపించింది. ముందుగది, వంటిల్లు, మేడమీద రెండు గదులు, స్నానాలగది. అతను ఆగిన ప్రతిచోటా చేతిలో యంత్రం చూసుకుని తలూపింది. ముందుగదిలో పెట్టిన నల్లపెట్టెకి, ఆ నడిచిన మేరలో ట్యాగు జాడ అందితే చాలు, మాల్కం ఇంట్లో ఉన్నట్టు లెక్క. సాయంత్రం ఏడు నుంచి పొద్దున్న ఏడు దాకా అలా ఉంటేనే బెయిలు. లేకపోతే విచారణ అయ్యేదాకా డర్హం జైలే.

"మీరు తిరిగే చోటు ఇంకేమైనా మిగిలిందాండీ?" అని అడిగింది ఆ అమ్మాయి.

"ఇంతేనమ్మా. ఇదేమన్నా రాజుగారి కోటా?" అన్నాడు మాల్కం. పెళ్ళాం వైపు తిరిగి, "చేతికి ఉంగరం నువ్వు తొడిగావు, కాలికి వీళ్ళు తొడిగారు. ఇంకెక్కడికీ పోలేను" అన్నాడు.

డెనీస్ నవ్వింది. పెరటి చివర మనిషి పట్టేంత పావురాల గూడు ఉందన్న సంగతి ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. తట్టదు మరి. బొగ్గుగని మూతపడి నలభయ్యేళ్ళు కావస్తున్నా ఆ ఊళ్ళో గనివాళ్ళ పందెం పావురాలు మిగిలాయి. మొగుడు గూట్లో ఉన్నాడంటే ఇంట్లో ఉన్నట్టే అక్కడి ఆడవాళ్ళకి. అన్నానికి పిలవాలన్నా, తగువు పెట్టుకోవాలన్నా ముప్పయ్యొక్కేళ్ళుగా డెనీస్ కేకేస్తున్నది ఆ గూటి వైపే.

కేసు కూడా పావురాల మూలంగానే వచ్చింది. దూరాన వదిలితే ఎవరి పావురం ముందు ఇల్లు చేరుతుందన్న పందెం కోసం, క్లబ్బులో పక్షుల్ని బుట్టలకెక్కించే దగ్గర మాటామాటా పెరిగి, రెజ్ అనేవాడు క్లబ్బు మెట్లమీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. తోశాడని వాడు, తాకనే లేదని మాల్కం. విచారణ అక్టోబరులో.

మాల్కం ఎంత బుద్ధిగా ఉన్నాడంటే, ఏడు కొట్టకముందే వీధి తలుపు గడియ పెట్టేవాడు. చెత్తబుట్ట వీధిలో పెట్టడానికి కూడా డెనీస్‌నే పంపేవాడు. గడియ పెట్టి, టీ కప్పు పట్టుకుని, వెనక తలుపు తీసుకుని పావురాల దగ్గరికి పోయేవాడు. జూన్ నెల, పదింటిదాకా వెలుగే.

నాలుగో రోజు నల్లపెట్టె గణగణ మోగింది. దానికే ఫోను కూడా ఉంది.

"మాల్కం గారు ఉన్నారాండీ?" అని కంపెనీ నుంచి ఆడగొంతు అడిగింది.

"ఉన్నాడమ్మా, ఎక్కడికి పోతాడు? పావురాల దగ్గరున్నాడు."

"అంటే ఇంట్లో లేరాండీ?"

"ఇంట్లోనే! పెరటి చివర. పన్నెండడుగులు. కేకెయ్యనా?"

"అక్కర్లేదండీ. రాసుకుంటాను."

"రాసుకో తల్లీ, రాసుకో" అంది డెనీస్. మొగుడికి సాక్ష్యం చెప్పానని పొంగిపోయింది. మరో మూడుసార్లు ఫోనొస్తే మూడుసార్లూ అదే చెప్పింది, అంతే సంతోషంగా.

తర్వాత హెచ్చరిక అంటూ ఉత్తరం వచ్చింది. మాల్కం దాన్ని రెండుసార్లు చదివాడు.

"గడప దాటనివాడికి హెచ్చరికేంటే? పెట్టె చెడిపోయినట్టుంది."

"వాళ్ళే తెలుసుకుంటారులే. నేను చెప్పాగా" అంది డెనీస్. ఉత్తరం గడియారం వెనక్కి పోయింది.

శుక్రవారం పొద్దున్నే పోలీసులొచ్చి మాల్కంని పట్టుకెళ్ళారు. శనివారం కోర్టులో ప్రభుత్వ వకీలు కాగితం తీసి, పద్నాలుగు సాయంత్రాలు ముద్దాయి ఇంట్లో లేడన్నాడు. యంత్రం తప్పేమో అనుకోవడానికి లేదట, భార్యే ఫోనులో ఒప్పుకుందట. ఆ మాట చదివాడు కూడా. "పావురాల దగ్గరున్నాడు." నాలుగు తేదీలు, నాలుగుసార్లూ అదే మాట. వెనక బెంచీలో కూచున్న డెనీస్‌కి అప్పుడు అర్థమైంది. తన నోటితో తానే అతన్ని పట్టించింది. ఒక్క అబద్ధం ఆడి, స్నానం చేస్తున్నాడని చెప్పి ఉంటే సరిపోయేది. అబద్ధం అవసరమని ఆమెకెవరు చెప్పారు?

"అమ్మా, నేను ఇంట్లోనే ఉన్నానమ్మా" అన్నాడు మాల్కం మేజిస్ట్రేటుతో.

ఆవిడ కఠినంగా ఏమీ మాట్లాడలేదు. ఇంటి గోడల లోపల అని రాసిన కాగితం మీద మీరే సంతకం పెట్టారు, హెచ్చరిక వచ్చాక కూడా ఆపలేదు అంది. బెయిలు రద్దు చేసింది.

తీసుకుపోతుంటే మాల్కం ముద్దాయి బోను అద్దం వెనక నుంచి అరిచాడు. "నీలం పిట్ట ఇవాళ పందెం నుంచి రావాలి పిల్లా! గింజల డబ్బా మోగించు. కంగారుపడి దాన్ని బెదరగొట్టకు!"

క్షమించమని అడగాలనుకుంది డెనీస్. పిట్ట సంగతికి తలూపింది.

నీలం పిట్టని క్లబ్బుకి మోసుకెళ్ళింది ఆమే, గురువారం. శనివారం పొద్దున ఫ్రాన్సులో వదిలితే సాయంత్రం ఏడు దాటాక వచ్చి ఇంటి కప్పు మీద వాలింది. డెనీస్ గింజల డబ్బా మోగించింది. అది మెడ వంచి ఆమెని చూసి కదల్లేదు. ఆమె ఏడుస్తూనే లోపలికెళ్ళి, మేకుకి వేలాడుతున్న, మాల్కం గూట్లో వేసుకునే పాత కోటు తొడుక్కొచ్చింది. మళ్ళీ మోగించింది. ఈసారి పిట్ట ఒక చుట్టు తిరిగి గూటి పలక మీద దిగింది. దాని కాలికున్న పందెం ఉంగరాన్ని పలకలోని యంత్రం గుర్తుపట్టి కీచుమంది. ఏడూ పద్దెనిమిదికి ఇల్లు చేరినట్టు లెక్కలో పడింది.

అప్పుడే లోపల నల్లపెట్టె మోగింది. డెనీస్ పన్నెండడుగులూ నడిచి వెళ్ళి ఎత్తింది.

"మాల్కం గారు ఉన్నారాండీ? ట్యాగు మాకు అందట్లేదు."

అదే గొంతు. కోర్టులో జరిగింది వీళ్ళదాకా ఇంకా రాలేదు. డెనీస్ కోటు గుండీలు పెట్టుకుంది.

"లేడమ్మా," అంది. "ఇప్పుడు ఇంట్లో లేడు. రాసుకో."