గాయినతోటి మాట్లాడింది

నా భార్య నీల తమ్ముడు జలపతి నక్సలైట్ అన్నలల్ల కలిసిండు. వీర్నపల్లి దిక్కు అడివిల కాల్పులై సచ్చిపోయిండు. గప్పటి సంది నీల నోరు తెరువలే. వండుతది, రాట్నం మీద కండెలు చుడ్తది. నా దిక్కు సూడది.

పక్కింటి మొగిలవ్వ గాలి సోకిందన్నది. తంగళ్ళపల్లిల అంత్రం తాయెత్తు కట్టిచ్చిన. గుణం రాలే. జగిత్యాలకు ఐతారం పూట మనసు డాక్టర్ అస్తడని నేను పనిజేసే బట్టల షెడ్డు సేటు చెప్పిండు.

"పిచ్చి డాక్టరా? వాడకట్టంత పేరు పెడ్తరు కొడుకా!" అన్నది మొగిలవ్వ.

అయినా తోల్కపోయిన.

డాక్టర్ పడుసోడు. నన్ను బయట కూసొమ్మని తలుపు ఏసిండు. కిటికీ అద్దంల ఇద్దరు కనవడ్తున్నరు. జరసేపటికి నీల పెదవులు కదిలినయి.

లేచి అద్దం కాడికి పోయిన. పుస్తె కట్టినోన్ని నేను. నాకు లేని మాట గా తెలువనోనికా?

మా షెడ్డుల సాంచాల, గా మరమగ్గాల చప్పుడుకు ఒకల మాట ఒకలకు ఇనరాదు. పెదవులు సూసే మాట పట్టుకుంటం. గట్లనే నీల పెదవులు సూసిన.

"సచ్చిపోయే ముందు ఒకదినం మాపటీలి, మా ఆయన షెడ్డుకు పోయినంక, తమ్ముడు తలుపు కొట్టిండు. ఆకలైతంది అక్కా అన్నడు. లోపలికి రానిస్తె మా ఆయన్ను పోలీసులు పట్కపోతరని తియ్యలే."

డాక్టర్ ఏదో అడిగిండు.

"మా ఆయనకా? ఆయనకు చెప్పుడు, గోడకు చెప్పుడు ఒక్కటే."

బస్సుల నేను అటు సూసిన, నీల ఇటు సూసింది.

మొగిలవ్వ మా ఇంటి గల్మల్నే నిలవడ్డది. "సూది ఏసిండా?"

"లే. నాలుగు గోలీలిచ్చిండు."

"గంతసేపు మరి ఏం జేసిండు?"

"ఇన్నడు."

"ఇనేతందుకు జగిత్యాల దాంక పోవాల్నా? గా పని నీతోని కాదా?" అని పకపక నవ్వింది.

ఇంట్ల నీల రాట్నం ముందల కూసున్నది. షెడ్డుకు పోదామని అంగి తొడుక్కున్న. పోబుద్ధి కాలే. ఎదురుంగ కూసున్న.

"పనికి పోవా?" అన్నది. ఇన్నొద్దులకు నాతోటి మాట్లాడింది.

"పోను."

"అచ్చే ఐతారం మల్ల తోల్కపోతవా?"

గాయిన కోసమే అడిగింది. మల్ల మండింది నాకు.

"తోల్కపోత. గాయినకు చెప్పేది నాకు గూడ జర చెప్పు."

రాట్నం ఆగింది. "ఇంటవా నువ్వు?"

"ఇంట."

"ఆ దినం కుండల అన్నం ఉండె," అన్నది నీల. అని ఏడ్సింది. నేను లేవలే.