తోటలో దొరికిన క్ష

మా అమ్మ అరవై దాటాక బడిలో చేరింది. పేటలోని పెద్దవాళ్ళకు పనులయ్యాక చదువు చెప్పే సాయంత్రం బడి అది. ఒకరోజు భోంచేస్తూ, ఆదివారం పిల్లల్ని మ్యూజియానికీ, దాని వెనకున్న మొక్కల తోటకూ తీసుకెళ్తున్నారని చెప్పింది. ఏ పిల్లల్ని అని అడిగాను.

"మమ్మల్నే. ఇంట్లోంచి పెద్దవాళ్ళు ఒకరు తోడు రావచ్చట. నాకు పెద్దవాళ్ళెవరున్నారు? నువ్వే రా."

నేను ఆస్పత్రిలో నర్సుని. ఆదివారం సెలవు దొరికితే చాలు, తలుపేసుకుని నిద్రపోతాను. కానీ ఇస్త్రీ చేసిన చీరనే మళ్ళీ ఇస్త్రీ చేసుకుంటున్న మనిషికి రానని ఎలా చెప్పను?

ఆ మ్యూజియం ఒకప్పుడు నూలు మిల్లు. అమ్మ పావడా కట్టే వయసులో పనికి కుదిరి, మిల్లు మూతపడేదాకా అక్కడే చేసింది. నా చదువూ, మా ఇంటి పైకప్పూ ఆ నూలు పోగుల మీద నిలబడ్డవే. అన్నేళ్ళూ వెనక గేటునుంచే వెళ్ళి వచ్చింది. ముందు గేటు ఆఫీసు వాళ్ళది. ఆ రోజు ముందు గేటు దగ్గర ఆగి, కొంగు సర్దుకుని, అందరికంటే ముందు తనే లోపలికి నడిచింది.

లోపల ప్రతి బోర్డూ కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టింది. మిగతావాళ్ళు పక్క గదిలోకి వెళ్ళినా తను కదల్లేదు. నూలు వడికే పెద్ద మిషను కనబడగానే పాత చుట్టాన్ని చూసినట్టు చెయ్యి వేసి నిమిరింది. తర్వాత దాని పక్కనున్న బోర్డు చదివింది: "దయచేసి తాకరాదు." చెయ్యి వెనక్కి తీసుకుంది.

"చదువొస్తే ఇదే తంటా" అంది.

గోడ మీద ఒక పాత ఫొటో ఉంది. మిల్లు మెట్ల మీద వరసగా కూర్చున్న అయిదుగురు ఆడవాళ్ళు. కింద చిన్న అక్షరాలు: "మహిళా కార్మికులు. పేర్లు తెలియవు." అమ్మ ఒకసారి చదివి, సరిగ్గా చదివానా అన్నట్టు మళ్ళీ చదివింది. మ్యూజియం అధికారి అటుగా వస్తే ఆపింది. నాకంటే చిన్నవాడే అతను.

"ఎవరికి తెలియవు, బాబూ?"

మిల్లు కాగితాలేవీ మిగల్లేదనీ, ఎంత వాకబు చేసినా ఎవరూ చెప్పలేకపోయారనీ అతను మర్యాదగానే చెప్పాడు. తనకు తెలుసంది అమ్మ. అయితే మీరు ఇందులో ఎక్కడున్నారమ్మా అని అతను ఫొటో దగ్గరికి వంగాడు.

"నేను లేను. వీళ్ళందరూ ఫొటోకి పోతే మిషన్లెవరు చూసుకుంటారు? అప్పుడు నేనే అందరికంటే చిన్నదాన్ని."

అతను వెంటనే పెన్ను తీసి, చెప్పండి రాసుకుంటానన్నాడు. అమ్మ అతని చేతిలోని తెల్ల కాగితం మాత్రం తీసుకుంది. తన పెన్ను తనకుంది.

లోపల వెలుతురు చాలక తోటలోకి వెళ్ళాం. దూది బేళ్ళ గోదాములుండిన చోట ఇప్పుడు మడులు, పందిళ్ళు. ప్రతి మొక్క దగ్గరా రేకు ముక్క మీద పేరు. అమ్మ సిమెంటు బల్ల మీద కూర్చుని రాయసాగింది. మిల్లులో అసలు పేర్లతో ఎవరూ పిలుచుకునేవారు కాదట. సైరన్ కంటే ముందొచ్చేది గడియారం. సన్నగా, గలగలా మాట్లాడేది పిట్ట. మేస్త్రీ నోరు మూయించేది మిరపకాయ. కొత్తవాళ్ళకు పని నేర్పేది పెద్దక్క. నాలుగూ చకచకా రాసేసింది. అయిదో ఆమె నక్షత్రం. నుదుటి మీద పుట్టుమచ్చ ఉండేదట. 'న' రాసి, 'క్ష' దగ్గర పెన్ను ఆగిపోయింది.

నేను నోరు తెరిచాను.

"నువ్వు చెప్పకు. చూస్తే గుర్తుపడతాను, చెయ్యే తిరగట్లేదు. ఇన్ని బోర్డులున్నాయి, ఎక్కడో ఉండకపోదు."

అలా మొదలైంది వెతుకులాట. సంగతి తెలిసి తరగతి మొత్తం తోటలోకి దిగింది. ఇస్త్రీ బండి తాత కుక్కతులసి దగ్గర దొరికింది దొరికిందంటే అందరూ పరుగెత్తారు. అది క్ష కాదు, క్క. పంతులమ్మ నవ్వు ఆపుకుంటూ వెనకే తిరుగుతోంది తప్ప పెదవి విప్పలేదు. చివరికి పందిరి కిందనుంచి పళ్ళమ్మే ఆమె పిలిచింది. ద్రాక్ష.

"రోజూ అమ్మే సరుకే, చూశావా" అని తన నెత్తిన తనే మొట్టుకుంది.

అమ్మ తీగ కింద గొంతుక్కూర్చుని, ముందు మట్టిలో వేలితో దిద్ది, తర్వాత కాగితం మీద పెట్టింది. ఇంక త్ర కావాలి. అది తనే పట్టుకుంది, గోడ వారనున్న చిత్రమూలం దగ్గర. నక్షత్రం పూర్తయ్యాక కాగితాన్ని చేతి దూరంలో పట్టుకుని చూసుకుంది.

అధికారి కాగితంలోని పేర్లు బయటికి చదువుతుంటే, అమ్మ ఒక్కో మొహాన్నీ వేలు తగలకుండా చూపించింది. అచ్చు వేయించి పెడతానని ముందు అన్నవాడు, కాగితాన్ని మళ్ళీ చూసి, వద్దు, ఇదే అద్దంలో పెడదామన్నాడు. నా డిగ్రీ పట్టాకు ఫ్రేము కట్టించిన రోజునుంచీ అమ్మ దాని దుమ్ము తుడుస్తూనే ఉంది, అందులో ఏం రాసుందో తెలియకపోయినా. ఇప్పుడు ఆవిడ చేతిరాత గోడకెక్కుతోంది. పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషితో, ఆవిడ మా అమ్మండీ అని చెప్పాను. ఆయన అడగలేదు. అయినా చెప్పాను.

కొన్ని వారాల తర్వాత అధికారి నాకు ఫోను చేశాడు. ఒక ముసలావిడ మనవరాలితో వచ్చి, ఆ ఫొటో ముందే కుర్చీ వేయించుకుని కూర్చుందట. రాసినావిడతో మాట్లాడేదాకా లేవనంటోందట. ఫోను అమ్మకిచ్చాను. అవతలి గొంతు నాకూ వినిపిస్తూనే ఉంది.

"నేను నక్షత్రాన్నే. నా పేరు అందరికంటే ఆఖర్న వేశావట. వయసులో ఆ పెద్దక్క కంటే కూడా పెద్దదాన్ని, ఇదేనా మర్యాద?"

అమ్మ కళ్ళు తుడుచుకుని గొంతు సవరించుకుంది.

"నీ పేరు కోసమే తోటంతా తిరిగాం అక్కా. వరస నచ్చకపోతే మా బడికి రా. నేర్చుకుని నువ్వే మార్చి రాసుకో."

"ఎన్నింటికి బడి?" అంది అవతలి గొంతు.