నాకు నచ్చని రాయి

రాతి నీటిగుర్రాలే ఉంటాయి, వాడి దగ్గర ఇంకేముంటాయి, చిన్నవీ పెద్దవీ నోరు తెరిచినవీ, సంతలో ముంతల్లా వరసగా పేర్చి ఉంటాయి, ఈ వ్యాను డ్రైవరొకడు గుంత కనిపిస్తే చాలు అందులోకే దించుతాడు, నడుం విరిగిపోతోంది, అసలెందుకు బయలుదేరాను నేను, నిన్న ఫోన్‌లో ఆ గొంతు వినగానే పెట్టెయ్యాల్సింది, అంబుయా, రేపు మారొండేరాలో నా గ్యాలరీ తెరుస్తున్నాను, మీరొచ్చేదాకా తాళం తియ్యను, అన్నాడు, తియ్యకపోతే మానెయ్, నాకేంటి, అన్నాను, అని, ఇదిగో, పొద్దున్నే మంచి తలగుడ్డ వెతుక్కుని మరీ కట్టుకున్నాను, అంబుయానట, పెళ్ళి లేదు, పిల్లల్లేరు, రువాలో నా పెరటి గ్యాలరీకి వచ్చి రాయి చెక్కిన ప్రతివాడికీ నేను అమ్మమ్మనే, అందులో ఈ చమునోర్వాకి మరీనూ, వచ్చిన రోజు వాడి చేతిలో ఉలైనా లేదు, లారీ ఇనుప పట్టీ ఒకటి నూరుకుని తెచ్చుకున్నాడు, దాంతోనే నల్లరాయిలో వాళ్ళమ్మ ముఖం తీశాడు, చూసి నా ఉలి వాడి చేతిలో పెట్టాను, గుడిసె ఇచ్చాను, మొక్కజొన్న పిండితో సద్జా సంకటి వండి పెట్టాను, కొనేవాళ్ళు రావడం మానేసిన ఆ చెడ్డ ఏళ్ళలో, ఎవరికీ ఇవ్వనని దాచుకున్న నా నిలువెత్తు స్త్రీని, నేను చెక్కినవాటిలో నా ప్రాణమంటిదాన్ని, అమ్మేసి అందరి కుండా పొయ్యి ఎక్కించాను, నువ్వు శిల్పివేమిటే, పూటకూళ్ళమ్మవి, అని మా అక్క నవ్వేది, నవ్వనీ, ఆ కుండలో కూడు తిన్నవాళ్ళ రాళ్ళు ఇవాళ ఏ దేశంలో లేవు.

కానీ వీడు, సరిహద్దు అవతల దక్షిణం నుంచి ఒక వ్యాపారి వచ్చి ఒకే అచ్చున నీటిగుర్రాలు లారీడు కావాలంటే, నా వాకిట్లో ఒక రూపం రెండుసార్లు పుట్టదు, పొమ్మన్నాను, వ్యాపారితోపాటు వీడూ వెళ్ళాడు, అంబుయా, మీ పరువు ఉడకేస్తే సద్జా అవుతుందా, నా పిల్లలకేం పెట్టను, అని గేటు దగ్గర అందరి ముందూ అరిచాడు, నేను తగ్గుతానా, సింహం గోత్రంలో పుట్టి నీటిగుర్రాలు కాసుకో పోరా, అన్నాను, తరవాత రోడ్డు పక్కన గోనెపట్టా పరిచి వాటినే అమ్ముతున్నాడని విన్నాను, అటు వెళ్ళాల్సి వస్తే తల తిప్పుకునేదాన్ని, కళ్ళు మాత్రం వెనక్కే పోయేవి.

నిజంగానే తియ్యలేదు తాళం, ఎండలో ఇంతమంది నిలబడి ఉన్నారు, వాడి జుట్టు నెరిసిపోయింది, నన్ను చూసి మోకాళ్ళ మీద కూర్చుని అరచేతులు గుల్లచేసి మెల్లగా చప్పట్లు చరిచాడు, పెద్దవాళ్ళకి దణ్ణం పెట్టినట్టే పెట్టాడు, ఇంత ఆలస్యమా అంబుయా, జనం మాడిపోతున్నారు, అంటే, మీ వ్యాన్లూ నీలాగే, ఎంత పిలిచినా ఆగవు, అన్నాను, అందరూ నవ్వారు, వాడు తాళంచెవి నా చేతిలో పెట్టాడు, తలుపు తోశాను, ఒక్క నీటిగుర్రం లేదు, ఒక్కటంటే ఒక్కటి, ఏవిరా అవి, అంటే, అవి అమ్మే ఈ గోడలు లేపాను, గోడలు లేచాక మానేశాను, అన్నాడు, తలెత్తి చూసి, పైకప్పు బాగుందన్నాను.

మధ్యలో ఇదేమిటి, ఆకుపచ్చ రాయిని నిలువునా పగలగొట్టి తుప్పు తీగతో కుట్టారు, సెగ లేదు, మైనం లేదు, మెరుపు లేదు, ఎవరు చేశారిది, ఆ మూల నిలబడ్డ అమ్మాయట, పేరు షువాయి, ఒకప్పుడు వీడు నా దగ్గర ఉన్నట్టే ఇప్పుడు వీడి దగ్గర తిని, ఉండి చెక్కుతోందట, ఏమిటమ్మాయ్ ఇది, అంటే, మా అమ్మ వీపు, అంది తలెత్తకుండా, ఆ తీగ పీకెయ్, నిప్పు సెగ చూపించి మైనం రుద్దు, అనబోయాను, చెయ్యి లేచింది కూడా, పక్కన చమునోర్వా నా చేతికేసే చూస్తున్నాడు, చెయ్యి దించేశాను, రెండడుగులు వేశాను, వెనక్కి వచ్చాను, నా ఉలి దెబ్బ ఒక్కటీ లేదిందులో, నేను నేర్పిందేదీ లేదు, నాకు నచ్చలేదు, కదలబుద్ధీ కావడం లేదు, ఆ చీలికలోంచి అవతలి వెలుతురు కనబడుతోంది, రాయి మోస్తూ వంగిన వీపే అది, అవును, వీపే, దీన్ని ఇక ముట్టుకోకు తల్లీ, ఇలాగే ఉండనీ, అన్నాను, ఆ పిల్ల అప్పుడు తలెత్తింది, చమునోర్వా ముఖం అటు తిప్పుకున్నాడు, నాకేమో గుండె పొంగిపోతోంది, ఇలాంటిది ఎన్ని జన్మలెత్తినా నా వల్ల అయ్యేది కాదు, అయినా ఇది నా వల్లే అయింది.