రోలరు గదిలో రెండు సోమవారాలు

ఆసుపత్రి లాండ్రీలో సోమవారమంటే అందరికీ గుండెల్లో రాయి. శని ఆదివారాల దుప్పట్లన్నీ నెత్తుటి మరకలతో, మందుల కంపుతో, మూటలు మూటలుగా గుమ్మం దాకా పేరుకుపోయి ఉంటాయి. అందుకే పని మొదలుపెట్టే ముందు పెద్దమ్మ అందర్నీ ఒకచోట నిలబెట్టి ఒక్క నిమిషం దేవుడితో మాట్లాడుతుంది. ఆమె అక్కడ ముప్పై ఏళ్లుగా బట్టలు ఉతుకుతోంది.

"సామీ, ఈ వారం మాకు చేతనైనంత పనే ఇవ్వు. ఎక్కువిచ్చావో, నువ్వే వచ్చి ఓ చెయ్యి వెయ్యాలి" అంటుంది. అందరూ నవ్వుతారు.

రోలరక్క మాత్రం నవ్వదు, కళ్లు మూసుకోదు. తడి దుప్పట్లను మింగి పొడిగా బయటికి కక్కే పెద్ద ఇస్త్రీ రోలరు నడుపుతుంది గనక ఆమెకా పేరు. దేవుడికి చెవులుంటే తన చెల్లెలి ఏడుపు ఎప్పుడో వినేవాడని ఆమె కోపం.

ఆ సోమవారం చెల్లెల్ని వెంటబెట్టుకునే పనికి వచ్చింది. చెల్లెలి ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది, కింది పెదవి చీలింది. తలుపు తీయడం ఆలస్యమైందని ముందురోజు సాయంత్రం మొగుడు ఆమె తలను అదే తలుపుకేసి కొట్టాడు. రాళ్లు కొట్టే పని వాడిది. ఆ చేతులతోనే ఆరేళ్లుగా కాపురం చేస్తున్నాడు. చెల్లెలు కాళ్లకు చెప్పులైనా లేకుండా అక్క ఇంటికి పరుగెత్తుకొచ్చింది.

పెద్దమ్మ ఆ పిల్ల గడ్డం పట్టుకుని మొహం చూసింది. తన పక్కనే నిలబెట్టుకుని, "సామీ" అని మొదలుపెట్టిందో లేదో, తలుపు భళ్లున తెరుచుకుంది.

చెల్లెలి మొగుడైన మరిది లోపలికి వచ్చాడు. చేతిలో రాళ్లు పగలగొట్టే సుత్తి ఉంది. గేటు దగ్గర వాచ్‌మన్ ముక్కు బద్దలుకొట్టి వచ్చాడని తర్వాత తెలిసింది.

"నడువు ఇంటికి" అన్నాడు పెళ్లాంతో.

"రాదు" అంది రోలరక్క.

"వదినా, మా గొడవలో తల దూర్చకు. తల ఉండదు."

అంటూనే పెళ్లాం జుట్టు పట్టుకుని మూటల మధ్య నుంచి ఈడ్చాడు. పెద్దమ్మ అడ్డం వెళ్లింది. సుత్తి కర్ర ఆమె దవడకు తగిలింది. నోట్లోంచి నెత్తురు, దాంతోపాటు రెండు పళ్లు నేలమీద పడ్డాయి. ఆమె అలాగే గోడకు ఆనుకుని కిందికి జారిపోయింది.

రోలరక్క తడి దుప్పట్లు పైకి తీసే కర్ర అందుకుని వాడి వీపు మీద బలం కొద్దీ కొట్టింది. కర్ర రెండు ముక్కలైంది. వాడు తిరిగి సుత్తి విసిరాడు. పక్కటెముక విరిగిన చప్పుడు ఆమెకే వినిపించింది. వాడు ఆమె గొంతు పట్టుకుని రోలరు దాకా నెట్టుకెళ్లాడు. వేడెక్కడానికని దాన్ని అరగంట ముందే తిప్పి ఉంచుతారు. చేతులు లోపలికి పోకుండా ఉండాల్సిన అడ్డుకమ్మీ ఊడిపోయి ఏడాదైంది. వీపు కాలుతోంది, కళ్లకు చీకట్లు కమ్ముతున్నాయి. ఆమె మోకాలెత్తి వాడి పొత్తికడుపులో పొడిచింది. వాడు ముందుకు తూలి, ఆసరా కోసం కుడిచెయ్యి రోలరు బల్లమీద ఆనించాడు.

ఆమె ఆ మణికట్టును రెండు చేతులా పట్టుకుని లోపలికి తోసింది.

వాడి అరుపు వాకిలి దాటింది. కాలిన మాంసం వాసన వచ్చింది. రోలరును ఆపే ఎర్ర బటను ఆమె మోచేతికి జానెడు దూరంలోనే ఉంది. ఆమె నొక్కలేదు, చూస్తూ నిలబడింది. చివరికి చెల్లెలే నేలమీద పాక్కుంటూ వచ్చి నొక్కింది.

పోలీసులు వాడి చేతికి ఆసుపత్రి దుప్పటే చుట్టి తీసుకెళ్లారు. మూడు వేళ్లు పోయాయి. "ప్రాణం కాపాడుకోడానికి చేశావు, నీ మీద కేసు లేదు" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఇరుగుపొరుగు వచ్చి భలే బుద్ధి చెప్పావన్నారు. వాళ్లు మెచ్చుకున్నకొద్దీ ఆమెకు ముద్ద గొంతు దిగడం మానేసింది.

తర్వాతి సోమవారం పనికైతే వచ్చింది గానీ, లోపలికి పోలేక వెనక మెట్ల మీద కూర్చుండిపోయింది. పెద్దమ్మ వచ్చి పక్కన కూలబడింది. దవడకు కట్టు ఉంది, మాట ముద్దముద్దగా వస్తోంది.

"ఏమే, లోపలికి రావా?"

"రాలేను పెద్దమ్మా. వాడి చెయ్యి దానంతటది పడలేదు. నేనే తోశాను."

"చూశాను."

"బటను పక్కనే ఉంది. నొక్కలేదు. వాడు అరుస్తుంటే నా కడుపు చల్లబడింది. ఇప్పుడు కళ్లు మూస్తే అదే అరుపు."

పెద్దమ్మ మంచి చేశావనలేదు, పాపం చేశావనీ అనలేదు. మెల్లగా చెప్పింది.

"మా రెండో కొడుకుని లారీ గుద్ది చంపేసింది. ఆ డ్రైవరు కూడా దెబ్బలతో ఇదే ఆసుపత్రిలో పడుకున్నాడు. వాడి దుప్పట్లు నేనే ఉతికాను. చచ్చిపోరా అని ఒక్కోదానికీ శాపం పెట్టి మడతేశాను. ఆ విషం ఇంటికి మోసుకెళ్తే మిగతా పిల్లలకి నేనేం పెడతానని భయమేసింది. అప్పట్నుంచే, సోమవారం పొద్దున, ఆయనతో మాట్లాడ్డం."

"ఆ డ్రైవరు పోయాడా?"

"నడిచి వెళ్లాడు. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయని నాకు మెచ్చుకోలు కూడా పంపాడు."

రోలరక్క ఆమె మొహంలోకి చూసింది. "మరి దేవుడేమన్నాడు నీతో?"

"ఏమంటాడు? నేను తిట్టిన తిట్లన్నీ కూర్చుని విన్నాడు. నన్ను మాత్రం పొమ్మనలేదు. నిన్నూ పొమ్మనడు, లే. నాకు దవడ ఆడటం లేదు, ఇవాళ నువ్వే చెప్పు."

రెక్క పట్టుకుని లేపి లోపలికి తీసుకెళ్లింది. అందరూ నిలబడ్డారు. రోలరక్క అక్కడ మొదటిసారి కళ్లు మూసుకుంది.

"సామీ... నాకు ఇవన్నీ రావు. వాడి చెయ్యి నేనే తోశాను. సంతోషపడ్డాను. ఆ సంతోషం నాలోంచి తీసెయ్యి. వాడి మీద జాలిపడమని మాత్రం ఇప్పుడే అడక్కు, నావల్ల కాదు. మా చెల్లెలి కన్ను బాగుచెయ్యి. పెద్దమ్మకి పళ్లు ఎలాగూ ఇవ్వలేవు, నొప్పయినా తగ్గించు."

ఎవరో కిసుక్కున నవ్వారు, ఆ వెంటనే ఎవరో ముక్కు చీదారు. చెల్లెలి చెయ్యి వచ్చి ఆమె చేతిలో చేరింది. వారం రోజుల తర్వాత ఆమెకు ఊపిరి అడుగు దాకా దిగింది. విరిగిన ఎముక కలుక్కుమంది.

మేనేజరు రోలరుకు కొత్త అడ్డుకమ్మీ బిగించాడు. ఆ రోజు ఆమె దాని దగ్గరికి వెళ్లలేదు, చెల్లెలితో కలిసి మడతలు వేసింది. ఆ తర్వాత మరిదికి నాలుగేళ్ల జైలు పడింది, చెల్లెలికి అదే లాండ్రీలో పని దొరికింది. కానీ ఆ సోమవారం నాటికి అవేవీ ఎవరికీ ఇంకా తెలియవు. మధ్యాహ్నం పెద్దమ్మ తన కోసం తెచ్చుకున్న జావ గిన్నె ఆమె ముందుకు జరిపింది. రోలరక్క వద్దనబోయింది, కానీ ఆకలేస్తోంది. గిన్నె ఎత్తి గటగటా తాగేసింది.