బొందలగడ్డ బాట

లౌడ్‌స్పీకరు గొట్టం భుజాన పెట్టుకుని, రెండో చేత్తో వైరు చుట్ట పట్టుకుని, బుగ్గయ్య నీలం తాడు కింద నుంచి వంగి దాటాడు. మొన్నటిదాకా ఆ బాటకు అడ్డంగా తాడు లేదు. కంపెనీ వాళ్లు కొత్త ఇళ్లు కట్టబోయే జాగా చుట్టూ రాతి కడీలు పాతి తాడు కట్టారు. ఊరి శ్మశానానికి, బొందలగడ్డకు పోయే బండ్లబాట కూడా ఆ జాగాలో కలిసిపోయింది. దాటాక నడుం మీద చెయ్యి వేసుకుని కాసేపు నిలబడ్డాడు. ఎడమ భుజం లాగుతోంది. గొట్టం బరువు అనుకున్నాడు.

ఆ రోజు అక్కడే ప్రజాభిప్రాయ సేకరణ. అపార్ట్‌మెంట్లు, విల్లాలు, రోడ్డు వైపు దుకాణాలు, ఒక మూలన తక్కువ ఆదాయం వాళ్లకు చిన్న ఇళ్లు, అన్నీ కలిపి ఒకే కాలనీ. దాని మీద ఊరివాళ్లు చెప్పేది అధికారులు విని రాసుకుని పోతారు. షామియానా, కుర్చీలు, మైకు పని ఇబ్రహీంపట్నంలోని సంజీవ టెంట్‌హౌస్‌కు వచ్చింది. సంజీవ తండ్రి కాలం నుంచి ఆ టెంట్‌హౌస్‌లో మైకు అంటే బుగ్గయ్యే.

సన్నటి మనిషి. వైర్లు పళ్లతో ఒలిచి ఒలిచి ముందు పన్ను ఒకటి అరిగిపోయింది. గొట్టాల పక్కన నిలబడి నిలబడి చెవులు మందగించాయి. తన మైకు ఎంతదూరం వినిపిస్తుందో అతనికే తెలియదు. అందుకే సొంతూళ్లో మైకు కట్టిన ప్రతిసారీ "కాశమ్మా, ఇనొస్తుందా?" అని అడిగేవాడు. ఊరి చివరి ఇంటి ముందు నిలబడి అతని భార్య కాశమ్మ కొంగు ఊపేది. సరిగా వినిపించకపోతే వీపు తిప్పి నిలబడేది. పెళ్లిపందిళ్లలో జనం దాన్ని చూసి నవ్వుకునేవారు. కాశమ్మ పోయి బొందలగడ్డలో గన్నేరు చెట్టు పక్కన పడుకుంది. బుగ్గయ్య నోట మాత్రం ఆ మాట అలాగే ఉండిపోయింది.

వెదురు బొంగు ఎక్కి ఒక గొట్టాన్ని గన్నేరు చెట్టు వైపు తిప్పి కట్టాడు.

"ఏం మామా, గటు దిక్కు ఎవలున్నరు ఇనేటందుకు?" అన్నాడు సంజీవ కింద నుంచి.

"ఉన్నోళ్లున్నరు. నీ కుర్చీలు నువ్వేస్కో."

పక్కింటి రాధమ్మ గిన్నెలో చాయ్ తెచ్చింది. కప్పులోకి వంచుతూ అంది: "ఇయ్యాలన్న నోరు తెరుస్తవా అన్నా? దునియా మొత్తానికి మైకు అందిస్తవ్. నువ్వెన్నడన్న మాట్లాడినవా?"

"నాకేం మాటలొస్తయ్ రాధమ్మా."

"ఇయ్యాల తాడు గట్టిన్రు, రేపు గోడ గడ్తరు. పెత్రమాసకు కాశమ్మకు బువ్వ ఎట్ల తీస్కపోతవ్? గోడ దుంకి పోతవా ఈ నడుంతోని?"

బుగ్గయ్య చాయ్ తాగేసి, కప్పు ఆమె చేతికిచ్చి వైరు చుట్ట విప్పసాగాడు.

ఎండ ఎక్కాక అధికారులు వచ్చారు. వేదిక మీద పెద్ద అధికారి మేడం, ఆమె పక్కన కంపెనీ తరఫు కుర్రవాడు, వెనకాల రంగురంగుల పటం. ఆ పటంలో పూలతోటలున్నాయి, ఈతకొలను ఉంది, బాట లేదు. బుగ్గయ్య వరసల మధ్య తిరుగుతూ మైకు అందించాడు. ఒకరు బోర్లు ఎండుతాయన్నారు. ఒకరు దుమ్ము అన్నారు. భూమి అమ్మిన పరమేశ్వర్ లేచి, ఊరికి పనులొస్తాయన్నాడు.

"నీకు కారొచ్చింది, మాకు దుమ్మొచ్చింది. కూసో," అంది రాధమ్మ. అందరూ నవ్వారు.

"ఇంకెవరైనా మాట్లాడతారా?" అని మేడం అడిగింది.

ఎవరూ చెయ్యి ఎత్తలేదు. మైకు బుగ్గయ్య చేతిలోనే ఉంది. రాధమ్మ అతని వైపే చూస్తోంది. అతను మైకును నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. ఏం చెప్పాలో తెలియక, అలవాటైన మాటే వచ్చింది.

"కాశమ్మా, ఇనొస్తుందా?"

బయటి నుంచి వచ్చిన వాళ్లు నవ్వారు. ఊరివాళ్లు నవ్వలేదు.

"మేడం, నా పేరు బుగ్గయ్య. మైకు మనిషిని. బొందలగడ్డ బాటకు అడ్డం తాడు గట్టిన్రు."

కంపెనీ కుర్రవాడు మర్యాదగానే అన్నాడు: "తాడే కదండీ. అందరూ కింద నుంచి వంగి వెళ్తున్నారు. ఇబ్బందేం లేదు."

"అవ్ సారూ. పొద్దుగాల నేను గూడ వంగే వచ్చిన. నేను వంగుత. పీనుగు వంగది గద."

బుగ్గయ్య మైకును రెండో చేతిలోకి మార్చుకున్నాడు.

"మీ ఇండ్లు మీరు గట్టుకోండ్రి. పాడె పోయేంత బాట ఇడువుండ్రి, అంతే."

మేడం కలం పట్టుకుంది. "పాడె పోయేంత అంటే ఎంత?"

బుగ్గయ్య తల గోక్కున్నాడు. మైకు కుర్చీలో పెట్టి సంజీవను పిలిచాడు. ఇంకో ముగ్గురు లేచారు. చుట్టి పెట్టిన జంపఖానాను నలుగురూ భుజాలకు ఎత్తుకుని, వరసల మధ్య నుంచి వేదిక దాకా నడిచారు. రెండు వైపులా కూర్చున్నవాళ్లు లేచి కుర్చీలు వెనక్కి జరుపుకోవాల్సి వచ్చింది. వాళ్లు వదిలిన సందును బుగ్గయ్య చేతులు చాపి చూపించాడు.

"గింత."

మేడం రాసుకుంది. రాసినదాన్ని పైకి చదివి వినిపించింది. తాడు ఈ రోజే తీయించమని కుర్రవాడికి చెప్పింది. అతను తల ఊపాడు.

సాయంత్రం కుర్చీలన్నీ బండికి ఎక్కుతున్నాయి. చివరి కుర్చీలో బుగ్గయ్య గన్నేరు చెట్టు వైపు తిరిగి కూర్చున్నాడు. ముఖం మీద చెమట ఉంది కాని, ఎప్పుడూ లేనంత నిమ్మళంగా ఉన్నాడు.

"మస్తు మాట్లాడినవ్ మామా. గొట్టం దించాల్నా?"

"ఉండనీ. జరసేపు కూసోని నేనే దించుత."

సంజీవ షామియానా మడతపెట్టి, బండికి తాళ్లు బిగించి వచ్చాడు. "లే మామా, పోదాం," అని భుజం మీద చెయ్యి వేశాడు. బుగ్గయ్య లేవలేదు.

మర్నాడు అతన్ని బండ్లబాట మీదుగానే తీసుకుపోయారు. పాడెకు ముందు వైపు సంజీవ పట్టాడు. కడీల దగ్గరికి వచ్చేసరికి అందరూ నడక తగ్గించారు. తాడు లేదు. ఎవరు విప్పారో, పక్కన చుట్టి పెట్టి ఉంది. ఎవరూ వంగకుండానే దాటారు. గన్నేరు చెట్టు కింద, కాశమ్మ పక్కన అతన్ని పెట్టారు.

తిరిగి వచ్చేటప్పుడు రాధమ్మ ఒకసారి తలెత్తి చూసింది. దించుతానన్న మనిషి దించలేదు. వెదురు బొంగు మీద, వైరు తీసేసిన గొట్టం ఇంకా బొందలగడ్డ వైపే తిరిగి ఉంది.