ఇచ్చినాక వెనక్కి రాదు

తెలియక చేసిన తప్పైతే నీలిమ ఇంత కుమిలిపోయేది కాదు. అన్నీ తెలిసే చేసింది.

పిడుగురాళ్ల లారీ డ్రైవర్లు మాట్లాడుకోడానికి 'కబురు' అనే యాప్ చేసిందామె. ఎవరో పుణ్యాత్ములు అందరూ వాడుకోమని నెట్‌లో ఊరికే పెట్టిన కోడ్ మీద కట్టింది. వాళ్ల షరతు ఒక్కటే: యాప్ ఎవరికిచ్చినా, అడిగితే దాని కోడంతా ఇవ్వాలి. క్వారీల వాళ్లేమో లోడింగ్ సంగతులన్నీ ఒక కంపెనీ చాట్‌లోనే పెడతారు. ఆ రెంటినీ కలపమని లారీ యూనియన్ ప్రెసిడెంట్ అమరేశ్వరరావు బాబాయి ఆమె ప్రాణం తీశాడు. కంపెనీ కూడా తన కోడ్ ముక్క ఇచ్చింది, ఎవరికీ చూపించనని సంతకం పెట్టించుకుని మరీ.

కలిపితే కలిసింది. తన ఫోన్‌లో ఉన్నంతసేపూ ఏ షరతూ అడ్డం రాదు; ఇంకొకరి చేతికిస్తేనే తంటా. అయినా బుద్ధి గడ్డి తిని, "ఒక్కసారి చూసి తీసెయ్ బాబాయ్" అని ఆయన ఫోన్‌లో వేసింది.

ఆయన ఊరుకుంటాడా? "మన పిల్ల చేసింది" అంటూ మధ్యాహ్నానికల్లా అరవై మంది డ్రైవర్లకు పంపేశాడు.

"ఎంత పని చేశావు బాబాయ్! తీసెయ్యమను."

"ఇచ్చింది వెనక్కి తీసుకోవడం మా ఇంటా వంటా లేదే. ఏంది, మంచి పని చేస్తే ఏడుస్తావు?"

మూడో రోజు రేష్మా వచ్చింది. ఆ డ్రైవర్లలో ఒకాయన కూతురు, పాలిటెక్నిక్ చదువుతోంది.

"మా నాన్న ఫోన్‌లో యాప్ చూశానక్కా. కోడ్ ఇస్తే చదువుకుంటా. అడిగే హక్కుందని మా కాలేజీకొచ్చినప్పుడు మీరే చెప్పారుగా."

ఇస్తే కంపెనీ నీలిమను కోర్టుకీడుస్తుంది. ఇవ్వకపోతే ఆ పుణ్యాత్ముల కష్టాన్ని దొంగిలించినట్టే. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఒక ముక్క తప్ప మిగతాదంతా ఇస్తానే."

"అంతా ఇవ్వాలన్నారు కదక్కా?"

"అన్నాను," అంది నీలిమ. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

రేష్మా వాదించలేదు. పెన్ డ్రైవ్ బల్ల మీద పెట్టి, "తొందరేం లేదక్కా, మీరు ఇస్తారని నాకు తెలుసు" అని వెళ్లిపోయింది.

అంతలో ఫోన్ మోగింది. బాబాయి.

"ఏమే, మాచర్ల యూనియన్ వాళ్లూ అడిగారు, పంపేశా. అక్కడ చానా మంది ఉన్నార్లే. నీ పేరు కూడా చెప్పా!"