సిబలాన్ ఎలుతేరియోలు

పరికరాలను ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్ మూత తెరవగానే ఆవిరి ముఖాన కొట్టింది. సాల్వింగ్ తల పక్కకు తిప్పుకుని గుడ్డల డబ్బాను రెండు చేతులతో ఎత్తి బల్ల మీద పెట్టింది. మూతకు అంటించిన పట్టీ మీది గీతలు నల్లబడ్డాయో లేదో, అంటే శుద్ధి పూర్తయిందో లేదో చూసుకుంది. కత్తెరలు ఒక వరస, పట్టుకారులు ఒక వరస, కత్తులు విడిగా. ఈ పని ఆమె చేతులు ఎంత కాలంగా చేస్తున్నాయంటే, మనసు ఎక్కడికి పోయినా అవి ఇక్కడే ఉండి తమ పని తాము చూసుకోగలవు. ఇవాళ మనసంతా జేబులోని ఫోన్లో ఉంది.

ఆమె పొట్టి మనిషి. ఆపరేషన్ బల్ల అందాలంటే చెక్కపీట ఎక్కి నిలబడాలి. మోకాళ్ళు వాచి ఉంటాయి, వేళ్ళ చివరలు మందుల సబ్బుకు పాలిపోయి ఉంటాయి. సిబలాన్ ద్వీపపు ఆసుపత్రిలో అందరికీ ఆమె నాంగ్ సాల్వింగ్, అంటే పెద్దక్క. ఒక్క డాక్టర్ ఎలుతేరియో మగ్‌తులిస్ మాత్రం ఆమెను ఇప్పటికీ 'ఇందై' అంటాడు, చిన్నపిల్లను పిలిచినట్టు. మనవలున్న మనిషికి ఆ పిలుపు నవ్వు తెప్పించేది. అయినా ఆయన నోట మరోలా పిలిపించుకోవాలని ఆమెకు ఏనాడూ అనిపించలేదు.

గొడవంతా ఒక వానరోజు మధ్యాహ్నం మొదలైంది. రోగులు లేరు. చిన్న నర్సు చెర్రీ మే ఫోన్ పట్టుకుని, ఇంటర్నెట్‌లోని విజ్ఞాన సర్వస్వంలో తమ ద్వీపం వాళ్ళెవరున్నారో వెతికింది. పాటల పోటీలో మూడో స్థానం వచ్చిన పిల్ల ఉంది. ఒక బాస్కెట్‌బాల్ ఆటగాడున్నాడు. ఇక్కడి పందెంకోళ్ళ జాతికి కూడా ఒక పేజీ ఉంది, తోక ఫొటోతో సహా. డాక్టర్ ఎలుతేరియో, అంటే ఊరందరి డాక్ తేరియో, మాత్రం లేడు. సాల్వింగ్‌కు ఒళ్ళు మండిపోయింది. తోక బారెడున్న కోడికి దక్కిన చోటు, సగం ద్వీపాన్ని కోసి కుట్టి బతికించిన మనిషికి దక్కలేదా? ఆ రోజే కూర్చుని, ఒక్కో అక్షరం నొక్కుకుంటూ, తానే ఒక పేజీ రాసి పెట్టింది.

మర్నాటికల్లా దాని నెత్తిన ఒక ఎర్రటి పట్టీ వెలిసింది. ఈ వ్యక్తికి ఇక్కడ చోటివ్వదగినంత ప్రసిద్ధి లేదనీ, పేజీని తొలగించాలో ఉంచాలో వారం పాటు చర్చ జరుగుతుందనీ దాని అర్థం. పట్టీ పెట్టినవాడు ఎక్కడివాడో తెలియదు. అక్కడ అతని పేరు 'బూడిదరంగు కొంగ'.

కొంగ మర్యాదస్తుడే. ఈయన గురించి ఏ పత్రికైనా రాసిందా అని అడిగాడు. ఈయన వైద్య పరిశోధన ఏదైనా అచ్చయిందా అని అడిగాడు. సాల్వింగ్ పెట్టెలన్నీ తిరగేసి ఊరి జాతర సంచికలో వచ్చిన డాక్ ఫొటోను పంపింది. కొంగ దాన్ని చూసి, ఇది ఊరివాళ్ళు తమ డాక్టర్ గురించి తామే వేసుకున్నది, బయటివాళ్ళు రాసింది కావాలన్నాడు. బయటివాళ్ళు ఇక్కడికెందుకొస్తారు? వారానికి రెండుసార్లు వచ్చే పడవలో ఇలోయిలో నగరం నుంచి ఉల్లిపాయలు వస్తాయి, విలేఖరులు రారు.

అప్పుడు ఆమె తప్పు చేసింది. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి మెట్ల మీద నిలబడి విషయం చెప్పింది. ఊరు ఊరంతా ఫోన్లు తీసింది. ఈ ద్వీపంలో బిడ్డకు ప్రాణం పోసిన చేతి పేరే బిడ్డకు పెడతారు. అందుకని వచ్చిన వాళ్ళలో చాలామంది ఎలుతేరియోలే. ఎలుతేరియో పనెస్, ఎలుతేరియో సుమగైసే, ఎలుతేరియో చిన్నవాడు, ఎలుతేరియా. అందరూ కొత్తగా పేర్లు నమోదు చేసుకుని, ఒకే రోజు, ఒకే ద్వీపం నుంచి, 'డాక్ గొప్పవాడు, పేజీ ఉంచాలి' అని రాశారు. కొందరు పొట్ట మీది కుట్ల ఫొటోలు కూడా పెట్టారు.

ఇవాళ పొద్దున కొంగ తీర్పులాంటి మాట ఒకటి రాశాడు: "వీళ్ళందరూ ఒకే మనిషిలా ఉన్నారు. బహుశా ఆ డాక్టరే వేరువేరు ముసుగుల్లో వచ్చి తనకు తానే మద్దతు చెప్పుకుంటున్నాడు." కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. చర్చ సాయంత్రానికి ముగుస్తుంది.

డాక్ తేరియో చేతులు కడుక్కుని, మోచేతుల నుంచి నీళ్ళు కారుతుండగా లోపలికొచ్చాడు. సన్నగా, కొద్దిగా వంగి, ఎండకు ఎండిన వెదురులా ఉంటాడు. ఉద్యోగ విరమణ వయసు ఎప్పుడో దాటింది. ఆయన స్థానంలో రావడానికి ఎవరూ లేరు కాబట్టి ఆయనే ఉన్నాడు. నాలుగడుగులు వేస్తే ఆయాసపడుతున్నాడని ఈ మధ్య సాల్వింగ్ గమనించింది. కత్తి పట్టుకున్నాక మాత్రం ఆయాసం ఉండదు.

బల్ల మీద నార్సీసో అనే జాలరి. హెర్నియా. నడుముకు మత్తు సూది ఇచ్చారు కాబట్టి మెలకువగానే ఉన్నాడు. అతని ముఖానికీ పొట్టకూ మధ్య ఆకుపచ్చ గుడ్డ వేలాడుతోంది.

"డాక్, లోపల ఏమన్నా చేపలు దొరికాయా?" అన్నాడు గుడ్డకు అవతలి నుంచి.

"నోరు మూసుకుని పడుకో. దొరికినా నీకివ్వను."

ఆయన వేళ్ళు లోపలికి వెళ్ళాయి. కళ్ళు గోడ మీది బల్లిని చూస్తున్నాయి. ఆ సమయంలో ఆయన ఎప్పుడూ చేతుల వంక చూడడు, వేళ్ళకే వదిలేస్తాడు. జారిన పేగు దానంతటదే ఇంటికొచ్చిన దూడలా లోపలికి సర్దుకుంది. ఇన్నేళ్ళుగా చూస్తున్నా సాల్వింగ్‌కు ఆ క్షణంలో ఊపిరి ఆగుతుంది. అంత సుతారం మనిషి వేళ్ళకు ఎలా వస్తుందో ఆమెకు ఇప్పటికీ అర్థం కాదు. ఆయన చెయ్యి చాచాడు. పేగు మళ్ళీ జారకుండా లోపల అతుకుగా కుట్టే చిన్న వల ముక్కను ఆమె అందించింది. విదేశీ వల కొనలేని పేదవాళ్ళ కోసం దోమతెర గుడ్డ తెప్పించి, శుద్ధి చేసి వాడడం ఆయన ఏనాడో మొదలుపెట్టాడు. దాని గురించి ఒక్క ముక్క ఎక్కడా రాయలేదు. ఎందుకని ఆమె ఒకసారి అడిగితే, "రాస్తూ కూర్చుంటే కుట్టేదెవరు?" అన్నాడు.

"డాక్, ఆ ఇంటర్నెట్‌లో మా బావమరిది కూడా రాశాడంట, మీ గురించి," అన్నాడు నార్సీసో.

సాల్వింగ్ చటుక్కున చెర్రీ మే వంక చూసింది.

"ఏం ఇంటర్నెట్?"

నోట్లో నువ్వుగింజ నానని చెర్రీ మే బయటపెట్టేసింది. "నాంగ్ సాల్వింగ్ మీ మీద పేజీ రాసింది డాక్. దాన్ని తీసేస్తామంటున్నాడు ఒక కొంగ."

"చదువు."

చెర్రీ మే మూలన నిలబడి పేజీ చదివింది. పుట్టిన ఊరు, చదివిన కాలేజీ, తుపాను నాడు ఆగకుండా చేసిన ఆపరేషన్లు. ఆయన కుడుతూనే విన్నాడు.

"ఏం ఇందై, బతికుండగానే నా దినం పెట్టేశావా? సమాధి రాయిలా ఉంది."

"కోడికి ఉంది డాక్ పేజీ!" అంది సాల్వింగ్ ఉక్రోషంగా.

"కోడి పందెం గెలిచింది మరి. ఆ కొంగ ఏమంటాడు?"

పత్రికలు రాయలేదన్నాడని, పరిశోధన అచ్చు కాలేదన్నాడని చెర్రీ మే చదివింది. డాక్ తల ఊపాడు. "నిజమే కదా. తప్పేముంది? నేనైనా అదే అంటాను." తర్వాత ఆమె ఎలుతేరియోల గురించి, ముసుగుల గురించి చదివింది. ఆయన నవ్వాడు. "వీళ్ళందరూ నేనేనా? అమ్మో, ఈ మాట మా ఆవిడ బతికుండి వింటే ఏ ఎలుతేరియో ఏ ఇంటివాడని నిలదీసేది." గుడ్డకు అవతల నార్సీసో నవ్వాడు. "పొట్ట కదిలించకు," అని కసిరాడు డాక్.

రెండు కుట్లు వేశాక ఆయన అడిగాడు. "పేజీ తీసేస్తే ఆ మాట కూడా పోతుందా?"

"పోదు డాక్," అంది చెర్రీ మే నెమ్మదిగా. "పేజీ పోయినా చర్చ ఉంచేస్తారు. ఎవరైనా చదువుకోవచ్చు."

"నా పేరుతోనా?"

"మీ పేరుతోనే."

ఆయన కుట్టు ముడి బిగించాడు. కత్తెర అడిగాడు. ఎన్నికలప్పుడు మేయరు మనుషులు ఇంటింటికీ పంచే డబ్బు కవరును తిప్పి పంపే ఇల్లు ఈ ఊళ్ళో ఆయనదొక్కటే. అలాంటి మనిషి పేరు పక్కన దొంగ మద్దతు అనే మాట, లోకం ఉన్నంత కాలం. అదీ తన మూలంగా. సాల్వింగ్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మాస్కు తడిసింది. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

నార్సీసోను వార్డుకు పంపగానే ఆమె వెనక వరండాలోకి వెళ్ళి చర్చి గంటలు కొట్టే ఆమెకు ఫోన్ చేసింది. "ఊళ్ళో ఎలుతేరియోలందర్నీ ఆసుపత్రికి రమ్మను. ఇప్పుడే. ఎవరు ఏ పనిలో ఉన్నా సరే."

"ఏమైంది నాంగ్? డాక్‌కి ఏమన్నా..."

"డాక్‌కి ఏం కాలేదు. వాళ్ళందరూ ఒక్కడేనంట. కాదని చూపించాలి."

మధ్యాహ్నం గంట మోగే వేళకు ఆసుపత్రి వాకిట్లో ఆటోలు, సైకిళ్ళు, ఒక పోలీసు బండి ఆగాయి. చేపల పొలుసులు చేతికి అంటుకున్నవాడు, పిండి పూసుకున్న రొట్టెల బట్టీవాడు, బడి మధ్యలో వదిలేసి వచ్చిన మాస్టారు, ఊళ్ళోకి సెలవు మీద వచ్చిన నావికుడు వచ్చారు. ఎలుతేరియా అనే కన్యాస్త్రీ వచ్చింది. ఒకామె చంకలో చీమిడి ముక్కు ఎలుతేరియోను వేసుకొచ్చింది. కొందరు అన్నం పొట్లాలతోనే వచ్చేశారు. ఎండలో వరసలుగా నిలబడ్డారు. చెర్రీ మే ఫోన్ పట్టుకుని అందరూ పట్టడానికి వెనక్కి, ఇంకా వెనక్కి నడిచి చివరికి ప్రహరీగోడకు ఆనుకుంది.

భోజనం ముగించి వస్తున్న డాక్ వాళ్ళను చూసి ఆగిపోయాడు.

"ఏంటి, ఊళ్ళో డెంగ్యూ వచ్చిందా?"

మేము వేరువేరు మనుషులమని చెప్పడానికి వచ్చాం డాక్, అన్నాడు పోలీసు. ఆయన దగ్గరికొచ్చి మొదటి వరస నుంచి నడిచాడు. పేర్లతో పనిలేదు, అందరిదీ ఒకటే పేరు. పోలీసు చొక్కా పైకెత్తి పక్కటెముకల కింద బొటనవేలితో తడిమాడు. "నువ్వు మెలిపడిన పేగు." మాస్టారి దగ్గర, "నువ్వు అడ్డం తిరిగావు, మీ అమ్మను రెండు రోజులు ఏడిపించావు." నావికుడి మెడ పట్టుకుని వంచి, "ఇది నా కుట్టేనా? ఛ, వంకర పోయింది," అన్నాడు. కన్యాస్త్రీ దగ్గర మాత్రం చెయ్యెత్తి నమస్కరించి, "అపెండిక్స్," అని గొణిగాడు. వాళ్ళంతా చిన్నపిల్లల్లా కదలకుండా నిలబడ్డారు. చీమిడి ముక్కువాడు కూడా ఏడవలేదు. సాల్వింగ్ మెట్ల మీద నిలబడి చూసింది. ఇన్నేళ్ళూ ఆమె ఆ మనుషుల్ని ఆపరేషన్ గుడ్డలో కోసిన కిటికీలోంచి, జానెడు చర్మంగానే చూసింది. అదంతా లేచి నిలబడితే ఇంత ఊరవుతుందని ఆమెకు ఇవాళే తెలిసింది. ఆమె రెండు చేతులూ జోడించింది, ఎవరికో తెలియకుండానే.

ఫొటోలు వెళ్ళాయి. అందరూ కలిసి ఒకటి, ఒక్కొక్కరూ పేరు రాసిన కాగితం గుండెకు ఆనించుకుని ఒకటి. కింద సాల్వింగ్ తన వచ్చీరాని ఇంగ్లీషులో రాసింది: "పేజీ తీసేస్తే తీసేయండి. కానీ మా డాక్టరు మోసగాడని రాసిన మాట తీసేయండి. మా దగ్గర బతికించినవాడి పేరు పెట్టుకుంటాం. వీళ్ళను పిలిచింది నేను. ఆయనకు ఇవాళ పొద్దుటి దాకా ఏమీ తెలియదు."

మధ్యాహ్నం ఒక టీచరమ్మకు పిత్తాశయం తీశారు. రాళ్ళను గిన్నెలో వేసి ఆమెకు చూపించమని చెర్రీ మేకు ఇచ్చి, డాక్ బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళాడు. సాల్వింగ్ గుడ్డలు లెక్క చూసి, పరికరాలు సబ్బునీళ్ళలో నానేసింది. అప్పుడు ఫోన్ మోగింది.

కొంగ రాశాడు. ఆమె చెప్పులు ఈడ్చుకుంటూ పరుగులాంటి నడకతో ఆ గదికి వెళ్ళి తలుపు దగ్గర నుంచే చదవడం మొదలుపెట్టింది.

"డాక్, వినండి. 'నేను రాసిన ఆరోపణ తప్పు. దాన్ని కొట్టేశాను, క్షమాపణ కోరుతున్నాను. చాలా ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను. ఎవరు ప్రసిద్ధులో తేల్చడానికి మాకో కొలత ఉంది. ఆ ఫొటో ముందు కూర్చుని చాలాసేపు నా పని మరిచిపోయాను. అయినా అచ్చులో ఆధారం లేదు కాబట్టి పేజీని ఉంచలేను. ఇది మా కొలత చిన్నదనం, ఆయనది కాదు.' ఆ మాట కొట్టేశాడు డాక్! మీ పేరు శుభ్రంగా ఉంది."

ఆయన ఏదో వెటకారం ఆడతాడని ఆమె ఎదురుచూసింది. కిటికీ పక్క పేము కుర్చీలో ఆయన తల గోడకు ఆనించి కూర్చుని ఉన్నాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి ఉంది. ఫ్యాను గాలికి చొక్కా కాలరు కదులుతోంది, చొక్కా లోపల ఏదీ కదలడం లేదు. సాల్వింగ్ దగ్గరికెళ్ళి మెడ మీద రెండు వేళ్ళు పెట్టింది. చాలాసేపు ఉంచింది. నేల మీద కూర్చుని ఆ ఉత్తరాన్ని మొదటి నుంచి మళ్ళీ చదివింది, ఈసారి నెమ్మదిగా, ఆయనకు వినబడేలా.

సాయంత్రం ఎలుతేరియోలు మళ్ళీ వచ్చారు. ఈసారి ఎవరూ పిలవకుండానే వచ్చి, ఆయన్ని భుజాల మీద మోసుకుపోయారు. విజ్ఞాన సర్వస్వంలో ఆ పేరు మీద పేజీ లేదని వస్తోందని చెర్రీ మే చెబితే, సాల్వింగ్ పోనీలే అంది. గది తాళం వేయడానికి వెళ్ళి కుర్చీ ముందు ఆగింది. వేళ్ళు మొద్దుబారకూడదని, ప్రతి ఆపరేషన్ తర్వాతా మిగిలిన దారంతో ఆ కుర్చీ చేతికి ముడులు వేస్తూ కూర్చోవడం ఆయన అలవాటు. మోచెయ్యి ఆనే చోటు నుంచి మణికట్టు ఆనే చోటు దాకా నల్లటి ముడులు చీమల బారులా ఉన్నాయి. ఒక్కోదానికి మూడేసి చుట్లు, కొసలు కురచగా కత్తిరించి. చివరిదానికి మాత్రం రెండు చుట్లే పడ్డాయి, కత్తిరించని కొసలు రెండూ ఫ్యాను గాలికి మెల్లగా ఊగుతున్నాయి.